నక్క తోలు గురించి నాలుగు మాటలు

ఈ సంక్రాంతికి కోనసీమలోని మా ఊరు వెళ్ళినప్పుడు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చి అందరం అరుగు మీద చేరాం. వైనతేయ గట్టు అవతల లంకలో ఎక్కడో నక్క కూసింది. దానికి మరొకటి, ఆ మరొకదానికి ఇంకొకటి బదులు పలికాయి. చిన్నప్పుడు రాత్రికి రెండు మూడు సార్లు వినిపించే ఆ కూత ఇప్పుడు అరుదు కనుక నేను సంబరంగా చెవి ఒగ్గాను. నా పక్కన కూర్చున్న మా మేనత్తగారి అబ్బాయి మాత్రం, "ముప్ఫై గజాల్లోకి రానివ్వాలి బావా, అప్పుడు కొడితే తోలుకి చిల్లు పడదు" అన్నాడు.

మా బావ ఇరవయ్యేళ్ళుగా అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలో ఉంటున్నాడు. అక్కడి మిత్రులతో కలిసి శీతకాలంలో కయోటీల వేటకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. కయోటీ అంటే మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది, జిత్తుల్లో ఇద్దరికీ పాఠాలు చెప్పగలది. ఆ రాత్రి ఆయన చెప్పిన కబుర్లు నేను ఆసక్తితోనే విన్నాను. విన్నంతసేపూ మింగుడుపడనిది చివర్లో వచ్చిన వాదన. "జంతువును ఊరికే చంపి పారేస్తే తప్పు. తోలు చెడకుండా కొట్టి, ఒలిచి, వాడుకుంటే అది మర్యాదైన వేట. మన తాతయ్యగారు చేసింది అదే కదా. ఇక్కడా లైసెన్సులిచ్చి అనుమతిస్తే రైతులకు బాధ తప్పుతుంది, తోలూ దక్కుతుంది" అని. అరుగు మీద ఉన్న నలుగురైదుగురు చదువుకున్నవాళ్ళు తలలూపారు. తలూపినవారిలో ఒకరు జంతుశాస్త్రం బోధించి రిటైరైనవారు. ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది అందుకే.

తుపాకి సంగతి నాకు తెలియక వాదిస్తున్నానని అనుకోవద్దు. మా తాతగారికి పన్నెండో నంబరు జోడు గొట్టాల తుపాకి ఉండేది. తూటాల పెట్టె తుడిచే పని నాది. తూటా మీద ఎల్.జి., ఎస్.జి., బి.బి., 4, 6 అని అచ్చు వేసి ఉండేది. ఔన్సు సీసానికి, అంటే సుమారు 28 గ్రాములకు, ఎన్ని గుళ్ళు వస్తాయన్నదాన్ని బట్టి ఆ పేర్లు. ఎల్.జి.లో 6, ఎస్.జి.లో 8, బి.బి.లో 70, నాలుగో నంబరులో 170, ఆరో నంబరులో 270. నక్క తోలు మీద మోజుపడ్డవాడి చిక్కంతా ఈ అంకెల్లోనే ఉంది. పెద్ద గుళ్ళు వేస్తే నలభై గజాల దూరం వెళ్ళేసరికి అవి చెల్లాచెదురై, నక్కకు ఒకటి తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు. తగిలిన ఆ ఒక్కటీ లోపలికి పోయేటప్పుడు చిన్న చిల్లు, బయటికి వచ్చేటప్పుడు గుప్పెడంత గండి. చిన్న గుళ్ళు వేస్తే దగ్గర్లో తోలు జల్లెడవుతుంది, దూరంలో నక్క చావదు. కనుక నడుమన ఉన్న బి.బి. లాంటిది ఎంచుకోవాలి, మూతి బిగువుగా ఉన్న గొట్టం వాడాలి, నక్క పాతిక ముప్ఫై గజాల దాకా వచ్చే వరకు ఊపిరి బిగబట్టాలి, అది ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు తలకో మెడకో గురి పెట్టాలి. అప్పుడు వీపు మీద బొచ్చు నిలుస్తుంది. మా బావ చెప్పిందీ, తాతగారు చెప్పిందీ ఇదే. ఇందులో నేర్పు లేదని నేననను.

అయితే ఈ లెక్కలో ఒక పద్దు ఎవరూ రాయరు. చీకట్లో, బ్యాటరీ లైటు వెలుగులో, అదురుతున్న చేత్తో కాల్చిన ప్రతి తూటా అలా తగలదు. దవడ పగిలిన నక్క, కడుపులో నాలుగు గుళ్ళు పడిన నక్క మొగలి పొదల్లోకి పారిపోయి ఎన్నాళ్ళకో చస్తుంది. దాని తోలు ఎవరి గోడ మీదకూ రాదు కనుక అది ఎవరి లెక్కలోనూ లేదు. గోడ మీద వేలాడే చెడని తోలు వేటగాడి నిగ్రహానికి సాక్ష్యమని మనం మురిసిపోతాం. పొదలోకి వెళ్ళినవాటి సాక్ష్యం ఎవరు అడిగారు?

సరే, తగిలిందనే అనుకుందాం. తర్వాతి కథ కాన్సస్‌లో ఒకటి, కోనసీమలో మరొకటి. అక్కడ జనవరిలో నీళ్ళు గడ్డకట్టే చలి. ఆ చలికి కయోటీ ఒంటి మీద ఒత్తుగా లోబొచ్చు పెరుగుతుంది. అందుకే శీతకాలపు తోలుకే ధర. చచ్చిన జంతువు తెల్లవార్లూ బండిలో పడి ఉన్నా చెడదు. నెమ్మదిగా ఇంటికి తెచ్చి, వెనక కాళ్ళ దగ్గర కోసి, కొలిమి తిత్తి తీసినట్టు తోలును నిలువునా లాగి, కొవ్వు గీకి, చట్రానికి ఎక్కించి ఆరబెట్టుకుంటారు. మన నక్కకు ఆ చలీ లేదు, ఆ బొచ్చూ లేదు. ఒంటి మీద ఉన్నది గరుకైన పొట్టి వెంట్రుక. పైగా మన గాలిలో చెమ్మ. చచ్చిన కొద్ది గంటల్లోనే పొట్ట భాగం కుళ్ళడం మొదలై వెంట్రుక కుదుళ్ళు వదిలేస్తుంది. వెంటనే ఒలిచి గళ్ళుప్పు పట్టించకపోతే, తర్వాత ఎన్ని మందులు పూసినా చేత్తో నిమిరితే బొచ్చు చేతికి వస్తుంది. పట్టించినా వానాకాలం వచ్చేసరికి ఆ ఉప్పే చెమ్మను పీల్చుకుని తోలును మెత్తబరుస్తుంది. పెద్దపులుల, చిరుతల తోళ్ళు మైసూరులోని వాన్ ఇంజెన్ వారి కర్మాగారానికి పంపి చేయించుకున్న జమీందారుల కథలు వేరు. నక్క తోలును మైసూరు పంపినవాడిని గురించి నేను వినలేదు.

మా ఇంటి నక్క తోలు 1960ల నాటిది. సావిడిలో గడియారం కింద మేకులు కొట్టి తగిలించి ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే తోకకు వెంట్రుకలు పోయి ఎండిన తాటిమట్టలా ఉండేది. వానాకాలంలో సావిడంతా ఒక రకమైన కంపు కొట్టేది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ కంపు పశువుల పాకదనుకునేవారు, మేం సర్దిచెప్పేవాళ్ళం కాదు. తాతగారు మాత్రం వచ్చినవారందరికీ దానిని చూపి, "ఒక్క చిల్లు చూపించండి చూద్దాం" అనేవారు. నిజమే, చిల్లు లేదు. ఆ తోలుతో ఎవరైనా ఏమైనా చేశారా అన్నదే నా ప్రశ్న.

కూర్చుని జపం చేసుకోవడానికి జింక చర్మం, పులి చర్మం పనికొస్తాయని శాస్త్రాలు చెబుతాయి. నక్క చర్మం ఊసు ఏ శాస్త్రమూ ఎత్తదు. మృదంగానికి మేక తోలూ ఆవు తోలూ కావాలి, కంజీరాకు ఉడుము తోలు వాడేవారు, చెప్పులకు గేదె తోలు. తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ తోళ్ళు ఊనే పని మన దేశంలో ఎంత ప్రసిద్ధమైనదైనా, తొట్టిలో నక్క తోలు వేసేందుకు ఆ పనివారెవరూ ముందుకు రారు. చలికి కప్పుకుందామంటే, గోదావరి డెల్టాలో బొచ్చు కోటు తొడుక్కునేవాడిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అంటే 'వాడుకునే తోలు' అన్నమాట మన దగ్గర ఒట్టి బుకాయింపు. అమెరికా వేటగాడికి కనీసం సంతలో ధర ఉండేది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందన్న సామెత మనకు ఉండనే ఉంది. ఇక్కడ నక్కను కొట్టేవాడే ఆ వాతలు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ సంత సంగతి కూడా చెప్పుకోవాలి. కయోటీ బొచ్చుకు ఇటీవలి కాలంలో గిరాకీ పెంచినవి చలికోట్ల టోపీ అంచులు. ఆ కోట్లకు పేరుమోసిన కెనడా గూస్ సంస్థ 2021 చివరికల్లా బొచ్చు కొనుగోలు ఆపుతామనీ, 2022 చివరికల్లా బొచ్చుతో తయారీ మానుకుంటామనీ 2021లో ప్రకటించింది. వేటకు తోలు కారణమైతే, ధర పడిపోయినప్పుడు వేటా ఆగాలి. మా బావ తుపాకి ఆగలేదు. అడిగితే, "అలవాటైపోయింది బావా" అన్నాడు. ఆ జవాబును నేను గౌరవిస్తాను. అందులో అబద్ధం లేదు.

నక్క తోలు నిజంగా అక్కరకొచ్చినవారు మన దగ్గర ఎవరూ లేరా అంటే, ఉన్నారు. వారిని మనం నక్కలోళ్ళనీ, పిట్టలోళ్ళనీ పిలుస్తాం. ఎవరినైనా తిట్టాలన్నా ఆ పేరే వాడతాం. తమిళదేశంలో నరికురవలు అంటారు. ఇంట్లో వాగ్రిబోలి అనే, గుజరాతీకి దగ్గరైన భాష మాట్లాడుకుంటారు. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కురువిక్కారన్ అన్న పేరు కింద వీరి ప్రస్తావన ఉంది. వీరు తుపాకి లేకుండానే నక్కను పట్టేవారు. నక్క కూతను నోటితో అనుకరించి దానిని దగ్గరకు రప్పించడం, వలలోనో ఉచ్చులోనో చిక్కించుకోవడం వీరి విద్య. మాంసం తినేవారు, తోలు ఒలుచుకునేవారు. సీసపు గుళ్ళు లేవు కనుక చిల్లుల ప్రసక్తే లేదు. మా బావ కాన్సస్‌లో వందల డాలర్లు పోసి కొన్న ఎలెక్ట్రానిక్ కూతపెట్టె చేసే పని, వీరి గొంతు చేసేది. 'తోలు చెడకుండా వేటాడటం' అన్న బిరుదు ఎవరికైనా ఇవ్వవలసి వస్తే ముందు వీరికే ఇవ్వాలి. ఇచ్చామా? జోడు తుపాకి ఉన్నవాడు దొర, ఉచ్చు ఉన్నవాడు దొంగ. ఊళ్ళో గొలుసు పోతే మొదట వీళ్ళ గుడారాలే వెతికేవారని మా అత్తయ్య ఇప్పటికీ మామూలు సంగతిగా చెబుతుంది. మన రాష్ట్రంలో నక్కల, కుర్వికరన్ అన్న పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది. తమిళనాట 2023 దాకా.

వారిని దేవతలను చేయబోవడం లేదు. నక్కకొమ్ము వ్యాపారం ఉంది. బొచ్చుతో ఉన్న చర్మపు ముక్కలో కొమ్ములాంటి గట్టి ముక్కను పొదిగి, నక్క తల మీద మొలిచిన కొమ్మని చెప్పి అమ్మేవారిలో వీరూ ఉన్నారు. థర్‌స్టన్ నాటికే ఆ సంగతి లోకానికి తెలుసు. నక్కకు కొమ్ము మొలవదు. కానీ కొన్నదెవరు? పూజగదిలో కుంకుమ భరిణెలో దాచినదెవరు, కొట్లో గల్లాపెట్టెలో పెట్టుకున్నదెవరు? అదృష్టవంతుడిని నక్క తోక తొక్కాడనే భాష మనది. నా ఎరుకలో ఈ గడ్డ మీద నక్క తోలుకు నిలకడగా దొరికిన బజారు ఈ దొంగకొమ్ము ఒక్కటే. ఇప్పుడది అంతర్జాలంలోకీ పాకింది. రేపు మా బావ కోరినట్టు లైసెన్సులిచ్చి నక్కలను కొట్టనిస్తే, చిల్లులు లేని ఆ తోళ్ళు చేరేది ఎక్కడికో చెప్పడానికి జోస్యం అక్కరలేదు.

చట్టం సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసినప్పుడు నక్కను ఐదో షెడ్యూలులో, కాకులతో ఎలుకలతో కలిపి, పీడజంతువుల వరుసలో పెట్టారు. ఎవరైనా చంపవచ్చు. తర్వాత ఆ వరుస నుంచి తీసేశారు. 1986 సవరణ షెడ్యూళ్ళలోని జంతువుల తోళ్ళ వ్యాపారాన్ని నిషేధించింది, 1991 సవరణతో వేట మొత్తంగా నిలిచింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, నక్కను మొదటి షెడ్యూలుకు, అంటే పెద్దపులి ఉన్న పంక్తికి చేర్చింది. దాన్ని చంపితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. మనుషుల ప్రాణానికి ముప్పయినప్పుడో, కోలుకోలేని జబ్బు పడినప్పుడో మాత్రమే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతిస్తారు. తాతగారు చేసింది ఆనాటికి నేరం కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. ఆనాడు నేరం కానిదల్లా ఈనాడు ఆదర్శం కానక్కరలేదు.

'రైతుకు బాధ తప్పుతుంది' అన్న మాట మాత్రం వినగానే ఎవరికైనా సబబుగా తోస్తుంది. నక్క పుచ్చపాదుల్లో పడుతుంది, చెరకు నములుతుంది, కోడిపిల్లలను ఎత్తుకుపోతుంది, సముద్రపు ఒడ్డున తాబేళ్ళ గుడ్లు తవ్వి తింటుంది. పిచ్చిపట్టిన నక్క కరిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. ఇవన్నీ నిజాలే. అయితే డెల్టా రైతును ఏటా ఏడిపించేది నక్కా, ఎలుకా? దాళ్వా చేలల్లో ఎలుక కొట్టిన కంకులు చూసినవారెవరూ తడుముకోరు. వెదురు బుట్టలు పట్టుకుని గట్ల వెంట తిరిగే ఎలుకలు పట్టేవారికి రైతు ఎలుకకు ఇంతని కూలి ఇస్తాడు. మందు ఎరలకూ ఖర్చు పెడతాడు. మార్టేరు వరి పరిశోధన స్థానంవారు ఎలుకల నివారణ మీద ఏళ్ళ తరబడి పనిచేస్తూనే ఉన్నారు. నక్క ఆహారంలో ఎలుకలది పెద్ద వాటా అని దేశంలోనూ బయటా జరిగిన పరిశీలనలు చెప్పాయి. రాత్రంతా జీతం లేకుండా గట్ల మీద తిరిగే ఈ కావలివాడిని కాల్చి, పొద్దున్నే ఎలుకకు ఇంతని కూలి ఇచ్చే ఏర్పాటుకు మా బావ రైతు సంక్షేమమని పేరు పెట్టాడు.

అసలు మన నక్కకు చోటెక్కడ మిగిలింది? లంకల్లో ఇసుక తవ్వకాలు, చేలు పోయి రొయ్యల చెరువులు, తీరం పొడవునా కొట్టేసిన సరుగుడు తోటలు. కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు కనుక అక్కడ బావురుపిల్లి, నీరుకుక్క, నక్క పీతలూ చేపలూ తిని బతుకుతున్నాయి. కయోటీతో పోలిక ఇక్కడ కూడా నిలవదు. దాన్ని అమెరికాలో తుపాకులతో, విషంతో, బోనులతో నూరేళ్ళకు పైగా ఏటేటా లెక్కలేనన్ని చంపినా, అది పడమటి మైదానాల నుంచి తూర్పు తీరంలోని మహానగరాల దాకా వ్యాపించింది. మన నక్కకు ఆ విస్తరణ లేదు; మా అరుగు మీద కూర్చుని కూతలు లెక్కపెట్టిన ఎవరికైనా అది తెలుస్తుంది.

ఇదంతా ఆ రాత్రి బావతో కొంత చెప్పాను, కొంత గొంతు పెంచి చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "తాతయ్యగారిని కూడా కలిపేసి తిడుతున్నావు" అన్నాడు. తాతగారి గురి మీద నాకు గౌరవమే. ఆయన ఆ తోలును చేత్తో ముట్టుకున్నది మేకులకు తగిలించిన తర్వాతే. నక్కను లంక నుంచి భుజాన వేసుకుని తెచ్చినదీ, లాంతరు వెలుగులో ఒలిచినదీ, ఉప్పూ పటికా పట్టించినదీ, ఆ కంపు వారం రోజులు ఒంటి మీద మోసినదీ ఊరి చివరి పేట నుంచి పిలిపించిన మనిషి. చిల్లు పడకుండా కొట్టడం ఒక నేర్పయితే, కత్తి జారకుండా ఒలవడం అంతకు పెద్ద నేర్పు. కళ్ళ చుట్టూ, చెవుల మొదట్లో ఎంతటివాడి కత్తయినా తడబడుతుంది. ఆ తోలు వేలాడిన సావిడిలోకి అతనికి ప్రవేశం లేదు. తన పనిని అతను గుమ్మం బయటి నుంచి చూశాడో లేదో కూడా అనుమానమే.

మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర అత్తయ్యను అడిగాను, ఆ తోలు ఒలిచిన మనిషి పేరేమిటని. తాతగారి తుపాకి వెబ్లీ స్కాట్ కంపెనీదని ఆవిడకు గుర్తుంది. వేటకు తీసుకెళ్ళిన కుక్క పేరు రాజా అనీ, దానికి ఎడమ చెవి తెల్లగా ఉండేదనీ గుర్తుంది. చాలాసేపు ఆలోచించి, "ఏమోరా, తాతయ్యగారు ఒరేయ్ అనే పిలిచేవారు" అంది. బావ కాఫీ గ్లాసు కింద పెట్టి వీధిలోకి వెళ్ళాడు.